నోట్లో ఉన్నంతవరకే మంచివి

(అమలాపురంలో ఒక గ్రంథాలయం హాల్లో మైక్రోబయాలజీ డాక్టరు గారొకరు ఇచ్చిన ప్రసంగం. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ల కోసం రికార్డు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ముందు వరస మొత్తం ఖాళీగా ఉంది. ముందు కూర్చుంటే నోరు తెరిపించి చూస్తానని భయమేమో. నేను పళ్ల డాక్టర్ని కాదండి. నాది ల్యాబు పని. మీరు నా దగ్గరకి రారు. మీ రక్తం వస్తుంది, మీ చీము వస్తుంది, మీ కళ్లె వస్తుంది. అందులో ఏ క్రిమి ఉంది, అది ఏ మందుకి చస్తుంది అని చూసి కాగితం మీద రాసి పంపుతాను. ఆ కాగితం చూసి అప్పుడప్పుడూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "ఏవండీ, ఇది నోట్లో ఉండే బ్యాక్టీరియా అంటున్నారు, మా ఆయనకి గడ్డ లేచింది లివర్లో కదా?" అంటారు. న్యాయమైన ప్రశ్న. ఈవేళ దాని గురించే మాట్లాడదాం.

నోట్లో క్రిములుంటాయని అందరికీ తెలుసు. ఎన్ని ఉంటాయో తెలుసా? 1683లో హాలండులో, డెల్ఫ్ట్ అనే ఊళ్లో, లీవెన్‌హుక్ అని ఒక బట్టల వ్యాపారి ఉండేవాడు. ఆయన తన పంటి మీద పాచి గీకి, తనే అరగదీసుకున్న భూతద్దం కింద పెట్టి చూశాడు. కొన్ని ఈదుతున్నాయి, కొన్ని గిర్రున తిరుగుతున్నాయి. లండన్‌లో రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తూ, మా దేశంలో ఉన్న జనం కన్నా నా నోట్లో ఉన్న ప్రాణులే ఎక్కువ అన్నాడు. తక్కువే చెప్పాడు పాపం. ఒక్క మిల్లీలీటరు ఉమ్మిలో పది కోట్ల పైమాటే. రకాలు చూస్తే, ఇప్పటిదాకా మనుషుల నోళ్లలో గుర్తించినవి సుమారు 700. అన్నీ అందరికీ ఉండవు. ఒక్కొక్కరి నోట్లో వాటిలో ఒక వంద, రెండొందలు కాపురం ఉంటాయి.

మరి ఇన్ని ఉండి మనం ఎలా బతికున్నాం? అవి ఉండబట్టే చాలావరకు బాగున్నాం. జాగా అంతా అవి ఆక్రమించుకుని ఉంటే బయటినుంచి వచ్చిన చెడ్డ క్రిమికి చోటు దొరకదు. వాటికీ మనకీ ఒక ఒప్పందం ఉంది. గోదావరి నీళ్లు కాలవలో పారినంతకాలం మన చేలు పండుతాయి కదండీ. అదే నీరు గట్టు తెగి ఊళ్లోకొస్తే? నీరు మారలేదు. చోటు మారింది. నేనిప్పుడు చెప్పబోయే జబ్బులన్నీ గట్టు తెగినప్పటివే.

గట్టు ఎక్కడ తెగుతుంది? పిప్పి పన్ను వేరు దగ్గర తెగుతుంది. చిగురు వాచి రక్తం కారేచోట తెగుతుంది. పన్ను పీకించుకున్న గుంటలో తెగుతుంది. నిద్రలోనో, తాగిన మత్తులోనో ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారినప్పుడు తెగుతుంది. చేప ముల్లు గుచ్చుకున్నా తెగుతుంది. ఇంకొకరి పన్ను మన ఒంట్లో దిగినా తెగుతుంది. అది ఎలాగో సంక్రాంతి మాట వచ్చినప్పుడు చెబుతాను.

ముందే ఒక మాట. ఇవన్నీ అరుదైన జబ్బులు. ఇంటికెళ్లి అద్దం ముందు నోరు తెరుచుకుని టెన్షన్ పడకండి. అరుదైనవి కాబట్టే ఇబ్బంది. డాక్టరుకి వెంటనే తట్టదు, రోగికి అసలే తట్టదు.

మొదటి జబ్బు ఆక్టినోమైకోసిస్. పేరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, గడ్డని గుర్తుపెట్టుకోండి. దవడ మూల దగ్గరో, దవడ కిందో వస్తుంది. మెల్లగా వస్తుంది, వారాలు, నెలలు. నొప్పి పెద్దగా ఉండదు. నొక్కితే లోపలికి పోదు, గట్టిగా ఉంటుంది. పైన చర్మం కొంచెం ఊదా రంగుకి తిరుగుతుంది. కొన్నాళ్లకి ఒకచోట పగిలి చీము కారుతుంది, మానినట్టే మానుతుంది, పక్కన ఇంకోచోట పగులుతుంది. జ్వరం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రోగిని అడిగితే, ఆ పక్క పన్ను ఒకటి ఎప్పటినుంచో పిప్పిగా ఉందనో, కొన్నాళ్ల కిందట పీకించాననో చెబుతాడు. అడిగితేనే చెబుతాడు. అడక్కపోతే చెప్పడు. పంటికీ ఈ గడ్డకీ ఏం సంబంధం అనుకుంటాడు.

పాడి ఉన్నవాళ్లు ఇక్కడ ఉన్నారా? చేతులెత్తండి. బాగానే ఉన్నారు. పశువుకి దవడ ఎముక గట్టిగా ఉబ్బిపోయి, మేత తినలేక చిక్కిపోవడం పెద్దవాళ్లు చూసే ఉంటారు. దీని చరిత్ర అక్కడే మొదలైంది. 1877లో జర్మనీలో బోలింగర్ అనే ఆయన పశువుల్లో ఈ క్రిమిని వర్ణించాడు. మరుసటి ఏడాదే, 1878లో, బెర్లిన్‌లో జేమ్స్ ఇజ్రాయెల్ అనే సర్జను మనుషుల్లో చూశాడు. మనిషికి వచ్చే ముఖ్యమైన రకానికి ఆయన పేరే పెట్టారు. చాలాకాలం దీన్ని బూజు జాతి అనుకున్నారు, కాదు, బ్యాక్టీరియానే. గేదె నుంచి మీకు వస్తుందా అని అడగబోతున్నారు కదూ, రాదు. పశువుల రకం వేరు, మన రకం వేరు. మనిషి నుంచి మనిషికి కూడా అంటదు. ఎవరి నోట్లోది వాళ్లకే.

ఇది మా ల్యాబుకి వస్తే ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మా పనిలో ఇంత ముచ్చటగా కనిపించే జబ్బు ఇంకోటి లేదు. చీము గాజు గిన్నెలో పోసి కొంచెం వాలుగా పట్టుకుంటే, అడుగున పసుపు పచ్చటి రేణువులు జారతాయి. మిల్లీమీటరు, మహా అయితే రెండు. ఒక రేణువుని తీసి రెండు స్లైడుల మధ్య పెట్టి నలిపితే వేలికి చిన్నగా గరగర తెలుస్తుంది. రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే సన్నటి దారాలు, కొమ్మలు కొమ్మలుగా చీలి, ఒకదానిలో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ఆ పసుపు రేణువంటే ఆ బ్యాక్టీరియా పెట్టిన కాలనీయే. ఇంట్లో కట్టు విప్పినప్పుడు గుడ్డ మీద అలాంటి రేణువులు కనిపిస్తే పారేయకండి, డాక్టరుకి చూపించండి. ఆ గుడ్డ ముక్కే సగం రోగనిర్ధారణ.

కానీ ఏమవుతుంది? మెడ దగ్గర గడ్డ, చీము, మానదు అనగానే మన దగ్గర అందరి నోటా వచ్చే మాట ఏమిటి? టీబీ! కొందరికి క్యాన్సర్ అనుమానం. తప్పు పట్టలేం, టీబీ మన దేశంలో ఎక్కువ కాబట్టి ముందు దాన్నే చూడాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన ఆక్టినోమైకోసిస్ అయితే ఎక్స్‌రేలో అచ్చం టీబీలాగానో, క్యాన్సర్‌లాగానో కనిపిస్తుంది. ఇది ఒక పొరలోంచి ఇంకో పొరలోకి అడ్డూ అదుపూ లేకుండా చొచ్చుకుపోతుంది. ఊపిరితిత్తుల్లో మొదలై, పక్కటెముకల మధ్యనుంచి ఛాతీ మీదకి కన్నం పెట్టుకుని బయటికి వచ్చిన కేసులున్నాయి. అలాంటప్పుడు ముక్క తీసి పరీక్షకి పంపుతారు. ఆపరేషన్ థియేటర్లో ముక్క తీయగానే అలవాటుగా ఫార్మలిన్ సీసాలో వేసేస్తారు. ఫార్మలిన్‌లో పడ్డ క్రిమి చచ్చింది, ఇక దాన్ని ల్యాబులో పెంచి చూడలేం, అంటే కల్చర్ చేయలేం. అందుకని మీరు, అంటే రోగి తాలూకు మనుషులు, ఒక్క మాట అడగండి: "డాక్టరు గారూ, కల్చర్‌కి కూడా ఒక ముక్క విడిగా పంపుతారా?" అని. ఏమీ అనుకోరు. సెలైన్‌లో ఒక ముక్క వేస్తారు, అంతే. ఈ క్రిమికి గాలి పడదు, గాలి లేని డబ్బాలో పెంచాలి. తొందరలేని క్రిమి, రెండు మూడు వారాలు పట్టొచ్చు. రెండో రోజే ప్లేటు చూసి ఏమీ లేదని రాసేస్తే ఏమీ ఉండదు మరి.

మందు మాత్రం పాతదే, పెన్సిలిన్. దీనికి అది ఇప్పటికీ దివ్యంగా పనిచేస్తుంది. కాకపోతే ఎక్కువ కాలం వాడాలి. ముదిరినవాళ్లకి కొన్ని వారాలు సెలైన్ ద్వారా ఇచ్చి, తర్వాత ఆరు నెలలు, ఏడాది మాత్రలు. గడ్డ చుట్టూ గట్టిపడ్డ కండలోకి మందు మెల్లగా దిగుతుంది. నెల తిరిగేసరికి గడ్డ తగ్గుతుంది, ముఖం చక్కబడుతుంది. అప్పుడు ఏం చేస్తాం మనం? మానేస్తాం! మళ్లీ వస్తుంది. వచ్చాక ఆ డాక్టరు మందు పనిచేయలేదంటాం. పెన్సిలిన్ పడనివాళ్లకి డాక్సీసైక్లిన్ లాంటివి ఉన్నాయి.

ఆడవాళ్లకి ఒక మాట చెప్పి ఈ జబ్బు వదిలేస్తాను. కాపర్ టీ వేయించుకుని ఏళ్ల తరబడి మరచిపోయినవాళ్లకి పొత్తికడుపులో కూడా ఇది వస్తుంది, అరుదుగా. దాని మీద గడువు ఉంటుంది. ఆ గడువుకి తీయించుకోండి. అలాగే దవడకి రేడియేషన్ తీసుకున్నవాళ్లు, లంక పొగాకు చుట్టలు కాల్చి నోటి క్యాన్సర్ తెచ్చుకుని వైద్యం చేయించుకున్నవాళ్లు ఉంటారు మన వైపు, వాళ్లు పన్ను పీకించుకునే ముందు రేడియేషన్ డాక్టరుని కూడా అడగాలి. ఆ ఎముకకి మానే శక్తి తక్కువ, ఇది అక్కడ చేరిపోతుంది.

ఇక లివర్ గడ్డ. మొదట్లో ఫోన్ కాల్ అన్నాను కదా, అది. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న ఊళ్లవాళ్లం. వరద నీరు ఎర్రగా దిగగానే సముద్రం నుంచి ధవళేశ్వరం దాకా ఎదురీదుకుంటూ వస్తుంది, దాని ముళ్లు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. పులస ఒక్కటే కాదు, శీలావతి అనండి, బొచ్చె అనండి, ఏ చేపయినా ముల్లు ముల్లే. మింగిన ముల్లు నూటికి తొంభై పాళ్లు ఏ గొడవా లేకుండా బయటికి పోతుంది. ఎప్పుడో ఒకటి కడుపు గోడకో, చిన్నపేగు మొదట్లోనో గుచ్చుకుంటుంది. గుచ్చుకుని, మెల్లగా గోడ దాటి, పక్కనే ఉన్న లివర్లో దిగుతుంది, చాలాసార్లు ఎడమ వైపు భాగంలో. దానితోపాటు నోటి క్రిములు కూడా వెళ్తాయి. ఉమ్మితో తడిసిన ముల్లే కదా అది. అక్కడ చీము పట్టడంలో ఆరితేరిన స్ట్రెప్టోకాకస్ రకం ఒకటుంది, ఆంజినోసస్ గుంపు అంటాం. చిగుళ్లలో అణిగిమణిగి ఉంటుంది. లివర్లోకో, మెదడులోకో వెళ్లిందంటే గడ్డ కడుతుంది.

రోగికి ముల్లు మింగిన సంగతి గుర్తుండదు. ఎలా గుర్తుంటుంది? చేప తిన్నది వారాల కిందట. ఇప్పుడు జ్వరం, కుడి డొక్కలో నొప్పి, ఆకలి లేదు. స్కానింగ్‌లో లివర్లో గడ్డ. మన గోదావరి జిల్లాల్లో లివర్ గడ్డ అనగానే ఏమడుగుతారు? కల్లు తాగుతావా అని. అమీబా వల్ల వచ్చే గడ్డ కల్లు తాగేవాళ్లలో ఎక్కువ కనిపిస్తుంది, నిజమే. దానికి మెట్రోనిడజోల్ ఇస్తారు, అదీ సరైనదే. కానీ ఈ స్ట్రెప్టోకాకస్‌కి మెట్రోనిడజోల్ పనిచేయదు. ఇందాక చెప్పిన ఆక్టినోమైకోసిస్ క్రిమి‌కీ పనిచేయదు. మనకేమో పన్ను నొప్పి అంటే మందుల షాపుకెళ్లి కొనుక్కునే మొదటి బిళ్ల అదే! కాబట్టి లివర్ గడ్డకి మందు వాడుతున్నా జ్వరం దిగకపోతే, చీము సూదితో తీసి పరీక్షకి పంపాలి. స్కానింగ్ డాక్టరుకి "మేం చేపలు బాగా తింటాం అండి" అని ఒక మాట చెప్పండి. నవ్వకండి. ముల్లు సన్నటి గీతలా సీటీ స్కాన్‌లో కనిపిస్తుంది, కానీ దాని కోసం వెతికితేనే కనిపిస్తుంది. ముల్లు తీయకపోతే ఎన్ని మందులు వాడినా గడ్డ మళ్లీ కడుతుంది.

కట్టుడు పళ్లవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. మన అంగిట్లో చర్మానికి చాలా సున్నితమైన స్పర్శ ఉంది, ముల్లు తగలగానే నాలుక ఆగిపోతుంది. పై సెట్టు పెట్టుకుంటే అంగిలి మొత్తం కప్పేస్తుంది, ముల్లు తెలియదు. బాబాయ్ గారూ, మీరు తల ఊపుతున్నారు, అనుభవం ఉన్నట్టుంది. ముళ్లు ఏరించుకుని తినండి, సిగ్గేం లేదు. ఇంకొకటి, గొంతులో ముల్లు ఇరుక్కుంటే అన్నం ముద్దో, అరటిపండో గుటుక్కున మింగమంటారు. వద్దండి. పైపైన ఉన్నది లోపలికి దిగబడుతుంది. చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరకి వెళ్తే పట్టుకారుతో తీసేస్తారు.

సరే, గుండె దగ్గరకి వద్దాం. ఇది అన్నిటిలోకీ ముఖ్యమైనది.

చిన్నప్పుడు కీళ్ల వాపు జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. కొత్త కవాటం వేయించుకున్నవాళ్లు ఉన్నారు. పుట్టుకతో గుండెలో లోపం ఉన్న పిల్లలు ఉన్నారు. రోజూ మనం పళ్లు తోముకున్నా, ముక్క కొరికినా, చిగుళ్లలోంచి కొన్ని క్రిములు రక్తంలోకి వెళ్తూనే ఉంటాయి. మామూలు మనిషికి నిమిషాల్లో ఖతం. గరుకుగా ఉన్న కవాటం దొరికితే మాత్రం దాన్ని పట్టుకుని వేలాడతాయి, గూడు కడతాయి. దాన్ని ఎండోకార్డైటిస్ అంటాం.

ఇది ఎలా మొదలవుతుంది? ఆర్భాటంగా రాదు. సాయంత్రం పూట కొంచెం జ్వరం. రాత్రి చెమటలు. నీరసం. బరువు తగ్గడం. వారాలు నడుస్తుంది. మనం ఏం చేస్తాం? వీడాల్ టెస్టు! టైఫాయిడ్ అని రాస్తారు. యాంటీబయాటిక్ వేస్తారు, జ్వరం దిగుతుంది, రోగి సంతోషిస్తాడు. మందు ఆపగానే పది రోజులకి మళ్లీ జ్వరం. మళ్లీ వీడాల్, మళ్లీ టైఫాయిడ్. ఒకే మనిషికి ఏడాదికి మూడుసార్లు టైఫాయిడ్ వచ్చిందంటే నాకు నమ్మకం కుదరదండి. మీకూ కుదరకూడదు. గుండె జబ్బు ఉన్న మనిషికి వారం దాటి కారణం తెలియని జ్వరం ఉంటే చేయాల్సింది బ్లడ్ కల్చర్. అదీ మందు మొదలుపెట్టక ముందు! మందు ముందు వేసి రక్తం తర్వాత పంపితే నా దగ్గర ఏమీ పెరగదు. క్రిమి కవాటం మీద బతికే ఉంటుంది, సీసాలో మాత్రం పెరగదు. నేను "ఏమీ లేదు" అని రాస్తాను, ఆ కాగితం చూసి గుండె మీద అనుమానమే వదిలేస్తారు. మా పనిలో ఇంతకన్నా చిరాకు పెట్టేది ఇంకోటి లేదు. రెండు బిళ్లలు, మెడికల్ షాపులో ఇచ్చిన రెండే రెండు బిళ్లలు, అసలు సాక్ష్యాన్ని తినేస్తాయి.

బ్లడ్ కల్చర్‌కి పెద్దవాళ్లకి సీసాకి పది మిల్లీలీటర్ల దాకా రక్తం తీస్తారు, మూడు విడతలు, వేరువేరు చోట్ల. "అయ్యబాబోయ్, ఉన్న రక్తమంతా లాగేశారు" అని సిస్టర్లతో తగువు పడతారు మన వాళ్లు. మొత్తం కలిపినా కాఫీ గ్లాసులో సగం ఉండదు. తీయనివ్వండి.

ఒక సంగతి చెబుతాను. గుస్తావ్ మాలర్ అని పాశ్చాత్య సంగీతంలో మహా పెద్దపేరు. ఆయనకి ముందునుంచీ కవాటం జబ్బు ఉంది. 1911 మొదట్లో న్యూయార్క్‌లో ఉండగా జ్వరం వదల్లేదు. అక్కడి డాక్టర్లు రక్తం తీసి కల్చర్ పెట్టారు, స్ట్రెప్టోకాకస్ పెరిగింది. ఆ రోజుల్లోనే రోగాన్ని పట్టుకున్నారు, చూడండి! పట్టుకుని మాత్రం ఏం చేస్తారు, మందు లేదు. పెన్సిలిన్ రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్లు ఉంది. ఆ మే నెలలో వియన్నాలో పోయాడు, యాభై ఏళ్ల వయసు. ఆయనకి కల్చర్ ఉంది, మందు లేదు. మనకి మందుంది, కల్చర్ చేయించుకోం.

పన్ను పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలా అని అడుగుతారు. పూర్వం చాలామందికి ఇచ్చేవారు. 2007లో అమెరికా గుండె వైద్యుల సంఘం దాన్ని బాగా కుదించింది. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ముందొకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లు, కొన్ని రకాల పుట్టుక లోపాలు ఉన్నవాళ్లు, ఇలాంటివాళ్లకే. పన్ను పనికి అరగంట, గంట ముందు అమాక్సిసిలిన్ రెండు గ్రాములు, ఒక్క మోతాదు. కీళ్ల వాపు జ్వరంతో కవాటం పాడైనవాళ్ల విషయంలో దేశానికో పద్ధతి ఉంది. కాబట్టి మీ గుండె డాక్టరు ఏం చెబితే అది. కొందరు ఇంకో మాట అంటారు: "నేను నెలనెలా పెన్సిలిన్ ఇంజక్షన్ వేయించుకుంటున్నా కదా, ఇక వేరే ఎందుకు?" అని. ఆ ఇంజక్షన్ కీళ్ల జ్వరం తిరగబెట్టకుండా. పన్ను పనికి అది చాలదు, పైగా మీ నోట్లో క్రిములు దానికి అలవాటు పడి ఉంటాయి. పళ్ల డాక్టరుకి ఇంజక్షన్ సంగతి చెప్పి తీరాలి, ఆయన వేరే మందు ఎంచుకుంటాడు.

పుట్టుకతో గుండె లోపం ఉండి పెదాలు నీలంగా ఉండే పిల్లలకి ఇంకో ప్రమాదం, నోటి క్రిములు మెదడుకి చేరి గడ్డ కట్టడం. అలాంటి బిడ్డకి తలనొప్పి, వాంతులు, జ్వరం, మూర్ఛ, వీటిలో ఏది వచ్చినా ఆగకండి. పాల పళ్లే కదా ఊడిపోతాయి అని పిప్పి పళ్లు వదిలేయకండి.

ఇప్పుడు రెండు అత్యవసరాలు, గబగబా చెప్పేస్తాను.

ఒకటి, లుడ్విగ్ యాంజైనా. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు వర్ణించాడు. గుండెకి సంబంధం లేదు. కింది దవడలో చివరి రెండు పళ్ల వేళ్లు నాలుక కింద ఉండే కండరం కన్నా కిందికి దిగి ఉంటాయి. అక్కడ చీము పడితే వాపు గడ్డం కింద రెండు వైపులా పాకుతుంది. నాలుక పైకి లేస్తుంది. ఉమ్మి మింగలేక కారిపోతుంది. మాట ముద్దగా వస్తుంది. ఇది గంటల్లో ఊపిరి ఆపేస్తుంది! వేడి కాపడం, లవంగ నూనె, పంటిలో పొగాకు కూరడం, అవేవీ వద్దు. పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే తీసుకెళ్లండి. లంకల్లో ఉన్నవాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నా, తెల్లారాక పంటు కడతారు, అప్పుడు రేవు దాటుదాం అనుకోకండి. ఎంత రాత్రయినా ఎవరి పడవైనా సరే. శ్వాసకి దారి చేయగల పెద్దాసుపత్రికే, మధ్యలో ఆగకుండా. కాకినాడ అయితే కాకినాడ, రాజమండ్రి అయితే రాజమండ్రి.

రెండోది కుర్రవాళ్లకి. గొంతు నొప్పి వచ్చి, వారానికి తగ్గుతున్నట్టుండి, ఉన్నట్టుండి వణికించే జ్వరం, మెడ ఒకపక్క నొప్పి, ఆయాసం. ఫ్యూజోబ్యాక్టీరియం అనే గొంతు క్రిమి మెడలో పెద్ద సిరలోకి దిగి రక్తాన్ని గడ్డకట్టిస్తుంది, ఆ ముక్కలు ఊపిరితిత్తులకి పోతాయి. 1936లో ఫ్రాన్స్‌లో లెమియేర్ అనే ఆయన వివరించాడు. చాలా అరుదు. గొంతు నొప్పి తర్వాత మెడ నొప్పి అన్న వరస గుర్తుంటే చాలు.

సంక్రాంతి మాట బాకీ ఉంది కదా. కోడి పందేల బరి దగ్గర తగువు వస్తుంది. ఒకడు ఇంకొకడి మూతి మీద గుద్దుతాడు. దెబ్బ తిన్నవాడు ఏడుస్తాడు, కొట్టినవాడు మీసం తిప్పుతాడు. నాలుగు రోజులకి ఆసుపత్రికి వచ్చేది ఎవరో తెలుసా? కొట్టినవాడు! పిడికిలి మెటిక మీద చిన్న గాటు, ఎదుటివాడి పన్ను దిగిన చోటు. పిడికిలి బిగించి ఉన్నప్పుడు తెగుతుంది, వేళ్లు చాపగానే ఆ తెగిన పొర వెనక్కి జరిగి, క్రిమిని లోపల పెట్టి మూసేస్తుంది. కింద కీలు ఉంటుంది. ఐకెనెల్లా అని ఒక క్రిమి, దాన్ని పెంచిన ప్లేటు మూత తీస్తే బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంటుంది, ప్లేటు మీద గుంటలు తవ్వినట్టు పెరుగుతుంది. అదిగో మళ్లీ, మెట్రోనిడజోల్‌కి లొంగదు, క్లిండామైసిన్‌కి లొంగదు, సెఫలెక్సిన్‌కీ సరిగా లొంగదు. అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ కలిపిన మందుకి లొంగుతుంది. సరైన మందు పడాలంటే డాక్టరుకి నిజం తెలియాలి. మన హీరో ఏం చెబుతాడు? "గోడకి తగిలిందండి." గోడకి పళ్లుంటాయా? పోలీసు కేసు అవుతుందని భయం. పంటి గాటు అని చెప్పండి చాలు, ఎవరి పన్నో అడగరు. గాయాన్ని ధారగా పడే నీళ్లతో బాగా కడిగి, కుట్లు వేయించుకోకుండా, ఆ రోజే చూపించుకోవాలి. గోళ్లు కొరికేవాళ్లకి వేలి చివర చీము పట్టేదీ ఇలాంటి క్రిములతోనే.

నేను చెప్పదలచుకున్నది దాదాపు అయిపోయింది. ఒంట్లో ఎక్కడ చీము పట్టినా, ఎందుకొచ్చిందో తెలియని జ్వరం వదలకపోయినా, డాక్టరు అడక్కపోయినా సరే, మీ పళ్ల సంగతి ఆయన చెవిన వేయండి. ఎప్పుడు పీకించారు, ఏది పిప్పిగా ఉంది, ఏ బిళ్లలు మింగి వచ్చారు. బిళ్లల పేరు తెలియకపోతే ఖాళీ అట్ట పట్టుకెళ్లండి. ఇప్పుడు ప్రశ్నలడగండి.

(సభికుల ప్రశ్నలకు జవాబులు)

వేప పుల్ల మంచిదా అని అడిగారు. పంటి పైభాగానికి పనికొస్తుంది, కాదనను. పన్నుకీ పన్నుకీ మధ్య సందులోకి వెళ్లదు, గాలి పడని క్రిములు ఉండేది అక్కడే. మెత్తటి బ్రష్షు, రోజుకి రెండుసార్లు, రాత్రి పడుకునే ముందు తప్పకుండా. ఉప్పు, కచ్చిక పెట్టి రుద్దితే పింగాణీ పొర అరిగిపోతుంది, చిగుళ్లు గీరుకుంటాయి. ఆయిల్ పుల్లింగ్ చేసుకుంటే చేసుకోండి, బ్రష్షు మాత్రం మానకండి.

గార తీయిస్తే పళ్లు ఊగుతాయట, నిజమేనా అంటున్నారు అమ్మగారు. అప్పటికే ఎముక కరిగి పన్ను వదులై ఉంటుందమ్మా. గార పట్టి ఉండటం వల్ల కదలడం లేదు. గార తీయగానే ఊగుతుంది, నింద డాక్టరు మీద పడుతుంది. తీయించకపోతే కొన్నాళ్లకి గారతో సహా పన్నే ఊడిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్లకి ఈ జబ్బులు ఎక్కువ వస్తాయా? వస్తాయి. చిగుళ్ల జబ్బూ ఎక్కువ, చీము పాకడమూ ఎక్కువ. షుగర్ చెకప్‌కి వెళ్లినప్పుడు పాదాలు చూపించుకుంటున్నారు కదా, ఏడాదికోసారి నోరు కూడా చూపించుకోండి.

ఆఖరి ప్రశ్న, కట్టుడు పళ్లు రాత్రి తీసేయాలా? తీసేయాలండి. జపాన్‌లో 85 దాటినవాళ్లని గమనించి 2015లో ప్రచురించారు. సెట్టు పెట్టుకునే నిద్రపోయేవాళ్లకి న్యుమోనియా ముప్పు, తీసేసి పడుకునేవాళ్లతో పోలిస్తే, సుమారు రెండింతలు. సెట్టు మీద పాచి పేరుకుంటుంది, నిద్రలో ఆ ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తీసి, బ్రష్షుతో, మామూలు సబ్బుతో రుద్ది, నీళ్లలో వేసి పెట్టండి. వేడి నీళ్లు వద్దు, వంకర పోతుంది. గిన్నెకి మూత పెట్టండి, మా వీధిలో ఒకాయన సెట్టు పిల్లి ఎత్తుకెళ్లింది.